వేలు చూపిన వైపు

షాపు నుంచి,
సోమవారం, షట్టర్ తీసిన గంటకి

ఒరేయ్ చిన్నోడా,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరూ క్షేమమే. నాకు ఒళ్ళు మండుతోంది, అంతే. ఫోన్ చేస్తే "అక్కా, మీటింగ్‌లో ఉన్నా" అంటావు. మెసేజ్ పెడితే ఒక బొటనవేలి బొమ్మ పంపి ఊరుకుంటావు. ఉత్తరానికి బొటనవేలు పంపలేవు కదా, అందుకే కాగితం తీశాను.

మొన్న సంచులావిడ వచ్చింది. మన వెనక వీధిలో కాన్వాసు సంచులు కుడుతుందే, ఆవిడ. నాన్న దగ్గర పొడుగు చెయ్యి మిషన్ కొనుక్కుని పద్దెనిమిదేళ్ళుగా దాని మీదే బతుకుతోంది. వచ్చి, కౌంటర్ మీద ఒక స్క్రూ తలకాయ పెట్టింది. తలకాయ మాత్రమే. మిగతా ముక్క మిషన్ లోపలే ఇరుక్కుపోయింది.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"మీ నాన్నగారి పేజీ చూసే తిప్పానండీ. ఎడమకి తిప్పమని ఉంది. రాలేదు. ఆయన మాట ఎప్పుడూ తప్పు పోలేదు కదా అని, పానాకి పైపు తగిలించి మరీ తిప్పాను," అంది.

ఆ స్క్రూ కుడికి తిప్పితే ఊడుతుందిరా! కింది దారాన్ని తిప్పే షటిల్ ఊపుకి వదులైపోకుండా దాని మర తిరగేసి పెట్టారు. లోకంలో స్క్రూలన్నీ ఒక దారి, అది ఒక దారి. ఆవిడ పాపం విప్పుతున్నాననుకుని బిగించింది, విరిగేదాకా బిగించింది.

ఆవిడ ఎదురుగానే నీ కొత్త వెబ్‌సైట్ తెరిచాను. "విప్పడానికి ఎడమకి తిప్పండి" అని తెల్లటి పేజీ మీద బూడిద రంగులో, చీమ కాళ్ళంత సన్నటి అక్షరాల్లో ఉంది. నాన్న జన్మలో ఎప్పుడైనా కుడి, ఎడమ అని రాశాడా? ఆయనకి ఆ రెండూ తెలిస్తే కదా! "కుడివైపు సందు" అంటూ ఎడమ సందులోకి నడిచే మనిషి. తన సంగతి తనకి తెలుసు కాబట్టే, రెండు వందల పన్నెండు పేజీల్లోనూ "బొమ్మలో చూపినట్టు తిప్పాలి" అని రాసి, కింద చేత్తో గీసిన బొమ్మ పెట్టాడు. చెయ్యి, స్క్రూ, బాణం. ఆ బొమ్మలేవిరా?

నేను ఆ పేజీ చదువుతుంటే మూల నుంచి నాన్న ఫోటో పైకి లేచి "హాయ్! ఈరోజు మీకెలా సాయపడగలను?" అంది. నాన్న ఎవరికైనా హాయ్ చెప్పగా చూశావా? కొట్లోకి వచ్చినవాళ్ళని తలెత్తి కూడా చూసేవాడు కాదు, ముందు మిషన్ని చూసేవాడు. ఆయన పోయి ఏడాది కాలేదు, అప్పుడే బొమ్మని చేసి ఆడిస్తున్నావు.

సంచులావిడ మిషన్‌ది ఎనభై ఎనిమిదో పేజీ. పాతది, బొమ్మతో సహా, వెంటనే కావాలి. విరిగిన ముక్క ఎలా తియ్యాలో అందులోనే ఉంది.

అక్క


ఆఫీసు, ఐదో అంతస్తు,
శుక్రవారం

డియర్ అక్కా,

నీ ఉత్తరం అందింది. జరిగినదానికి చాలా బాధగా ఉంది. ఆ వాక్యం వెంటనే సరిచేశాను. నీ అభిప్రాయం మాకెంతో విలువైనది.

కానీ కొన్ని విషయాలు నువ్వు అర్థం చేసుకోవాలి. పాత సైట్ పసుపుపచ్చ నేల మీద ఎర్ర అక్షరాలతో, "కొత్తది" అని మిణుకుమిణుకుమనే బొమ్మతో, ఇరవై ఏళ్ళ కిందటి తీరులో ఉంది. ఫోన్‌లో తెరిస్తే సగం పేజీ పక్కకి పోయేది. అలాంటి సైట్లని సర్చ్‌లో ఎవరికీ చూపించరు. జనం చదవరక్కా, వేలితో తోసుకుంటూ పోతారు. మా ఆఫీసు లెక్కల్లో ఒక మనిషి ఒక పేజీకి ఇచ్చేది ఏడెనిమిది సెకన్లు. అంతలో వాళ్ళని పట్టుకోకపోతే పోయినట్టే. ఈ ఏడాది ట్రెండ్ ఏంటంటే ఒకే పొడుగు పేజీ, పైన ఒక పెద్ద ఫోటో, తక్కువ మాటలు, చుట్టూ బోలెడంత ఖాళీ. చాట్ పెట్టెలో మనిషి ముఖం ఉంటే నమ్మకం పెరుగుతుంది. నాన్న ముఖం కన్నా నమ్మకమైనది ఏముంది చెప్పు?

బొమ్మలు ఆ డిజైన్‌లో ఇమడలేదు. బొమ్మ తీసేశాక "బొమ్మలో చూపినట్టు" అనే మాట వేలాడుతుంది కాబట్టి, మామూలుగా స్క్రూలు తిరిగే పద్ధతిలో ఎడమ, కుడి నింపాను. అన్నిట్లోకీ ఒక్కటే తేడా పడింది.

పాత పేజీలు భద్రంగానే ఉన్నాయి. రెండు వారాలు టైమివ్వు, తీసి పంపిస్తాను.

నీ తమ్ముడు


షాపు నుంచి,
బుధవారం

ఒరేయ్,

నీ టైపు కాగితం తిప్పి పంపుతున్నాను. పైన మీ కంపెనీ గుర్తు, కింద మీ కంపెనీ అడ్రసు, మధ్యలో "నీ అభిప్రాయం మాకెంతో విలువైనది". ఎవరురా ఆ మాకు? నువ్వూ, చాట్ పెట్టెలో ఉన్న నాన్నా? ఆ వాక్యం కింద ఎర్ర ఇంకుతో గీత గీశాను చూడు. మళ్ళీ రాస్తే చేత్తో రాయి. చేతి రాతలో అబద్ధం చెబితే నాకు కనబడుతుంది. చిన్నప్పటి నుంచీ నీకు అబద్ధం చెప్పేటప్పుడు అక్షరాలు పక్కకి వాలతాయి.

నీ పెద్ద ఫోటో చూశాను. పిల్ల ఎవరో చక్కగా ఉంది, తెల్ల మిషన్ ముందు కూర్చుని నవ్వుతోంది. ఆ మిషన్ మనం అమ్మం. అది పోనీ, మిషన్‌కి దారం ఎక్కించలేదు. సూది బోడిగా ఉంది. దారం లేని మిషన్ ముందు కూర్చుని దేనికి నవ్వుతోంది? కుట్టుమిషన్ల కొట్టుకి ఆ ఫోటో పెట్టే ముందు మీ ఐదో అంతస్తులో ఒక్కడికైనా కనబడలేదా? నీకైనా? పుట్టింది మిషన్ల మధ్యలో కదా నువ్వు. పైన పటారం, లోన లొటారం.

"ఒక్కటే తేడా పడింది" అని ఎంత తేలిగ్గా రాశావు! కొట్లో మిషన్లతో పోల్చుకుంటూ కూర్చుని మొత్తం చూశాను. పదకొండు చోట్ల తప్పు. పది ఇంకా ఎవరూ తిప్పలేదు, అంతే మన అదృష్టం. అన్నీ కాగితం మీద రాసి దీనితో జతచేశాను.

సంచులావిడ రోజూ వస్తోంది. "వచ్చిందా అమ్మా పేజీ?" అని అడిగి, "పర్లేదులెండి" అని వెళ్ళిపోతుంది. బడుల వాళ్ళ సంచులు కుట్టే పని ఆవిడదే ఇన్నేళ్ళుగా. బడి తెరిచేలోగా ఇవ్వకపోతే ఆ పని వేరేవాళ్ళకి పోతుంది, ఒకసారి పోతే తిరిగి రాదు. ఇప్పుడు చేత్తో కుడుతోంది, గోనె సూదితో. వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే ఏంటో చూడాలంటే వచ్చి ఆ చేతులు చూడు.

ఇంకొకటి. ఆ బొమ్మలు ఎవరు గీశారో నీ కాగితంలో ఒక్క ముక్క లేదు. "బొమ్మలు ఇమడలేదు" అట. నేనూ రాయను. నువ్వు ఎప్పుడు రాస్తావో చూస్తాను.

అక్క


నా గది నుంచి,
ఆదివారం

అక్కా,

చేత్తోనే రాస్తున్నాను. వాలుతున్నాయో లేదో నువ్వే చూసుకో.

నీ లిస్టులో ఉన్న పదకొండూ సరిచేశాను. నాన్న ఫోటో చాట్ నుంచి తీసేశాను. కానీ నన్ను ఒక్కడినే దోషిని చేస్తే ఎలా? "నాన్న సైట్ కొంచెం బాగు చేయనా?" అని అడిగితే "సరే, చెయ్" అన్నది నువ్వు కాదూ? కొత్తది తయారయ్యాక లింకు పంపిస్తే చూడకుండానే "బాగుంది" అన్నది ఎవరు? అప్పుడు లేని ప్రేమ ఇప్పుడు పుట్టుకొచ్చిందా? ఇరవై ఏళ్ళు ఆ సైట్ ఆయన ఒక్కడే చూసుకున్నాడు. నువ్వు ఒక్క పేజీ దిద్దావా?

నా బతుకు నీకు తెలియదక్కా. మా ఆఫీసులో నాకన్నా పెద్దవాడు మా మేనేజర్ ఒక్కడే. మిగతా అందరూ ఇరవై మూడు, ఇరవై నాలుగు. పోయిన ఏడాది లావక్షరాలు, ఈ ఏడాది సన్నక్షరాలు. మొన్నటిదాకా పొడుగు వీడియోలు, ఇప్పుడు పదిహేను సెకన్లవి. నేర్చుకున్నది చేతికి అలవాటయ్యేలోపు అది పాతబడిపోతుంది. "మీరు ఇంకా అదే వాడుతున్నారా సార్?" అని ఒక పిల్ల నవ్వుతూ అడిగిందంటే ఆ నెల నాకు నిద్ర ఉండదు. నాన్న ఒక్క పని నేర్చుకుని నలభై ఏళ్ళు దాని మీద బతికాడు. నేను ఆర్నెల్లకొకసారి మళ్ళీ ఒకటో తరగతిలో చేరుతున్నాను.

పాత పేజీల సంగతి సర్వర్ వాళ్ళు వెతుకుతున్నారు. కొంచెం ఆలస్యమవుతుంది. ప్లీజ్ ఓపిక పట్టు.

తమ్ముడు


షాపు నుంచి,
గురువారం

చివరి నాలుగు లైన్లూ వాలాయిరా.

నాన్న పేరున వచ్చిన కవర్లు విప్పడానికి నాకు చేతులు రాలేదు. ఇన్నాళ్ళూ డ్రాయర్లో పడేస్తూ వచ్చాను. నీ "సర్వర్ వాళ్ళు" ఎవరో కనుక్కుందామని ఈ రోజు అన్నీ విప్పాను. ఆ వెబ్‌సైట్‌కి చోటు అద్దెకిచ్చిన కంపెనీ నుంచి ఒక ఉత్తరం ఉంది. నాన్నని "ప్రియమైన ఖాతాదారు గారికి" అని పిలిచి, "మీరు కోరిన ప్రకారం మీ ఖాతా మూసివేసి ఫైళ్ళన్నీ శాశ్వతంగా తొలగించాం" అని రాశారు. తేదీ చూశాను. నువ్వు కొత్త సైట్ పెట్టిన రోజే. చచ్చిపోయిన మనిషి కోరాడట, తన పేజీలన్నీ చెరిపెయ్యమని!

వాళ్ళకి ఫోన్ చేశాను. తొలగించే ముందు రెండుసార్లు "నిజంగానా?" అని అడుగుతుందట ఆ బటన్. రెండుసార్లూ నొక్కావు.

నేను "సరే" అన్నది నిజమే. చూడకుండా "బాగుంది" అన్నదీ నిజమే. నాన్న పోయిన మూడో నెల అది, ఏది అడిగినా "సరే" అనేదాన్ని. ఆ మాట నా మొహాన కొట్టావు చూడు, అది గుర్తుంచుకుంటాను.

ఎవరూ వెతకడం లేదు. వెతకడానికి ఏమీ లేదు. మూడు వారాలుగా ఆవిడ గోనె సూదితో కుడుతుంటే, "పేజీ వస్తుంది, వస్తుంది" అని నీ మాట నమ్మి ఆవిడకి నా నోటితో చెప్పాను. నన్ను కూడా అబద్ధాలకోరుని చేశావు.

ఎందుకు చేశావో రాయి. ట్రెండ్ అని మాత్రం రాయకు.


నా గది నుంచి,
ఆదివారం

అక్కా,

ట్రెండ్ కాదు.

మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి మా మేనేజర్ ఒక క్లాసు చెబుతాడు, "చెయ్యకూడనివి" అని. గోడంత తెర మీద ఘోరంగా ఉన్న సైట్లు ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తాడు. నాన్న పోయిన మూడో నెలలో ఆ క్లాసుకి నేనూ వెళ్ళాను. నాలుగోదో ఐదోదో వచ్చేసరికి తెర మొత్తం పసుపుపచ్చగా అయిపోయింది. మన కొట్టు. నాన్న పేజీ. వాళ్ళకి అది ఎవరిదో తెలియదు, ఎక్కడో వెతికి పట్టుకున్నారు.

అందరూ నవ్వారు. మేనేజర్ కిందకి జరిపి బొమ్మ పెద్దది చేసి, "ఈ వేళ్ళు చూడండి, ఎల్కేజీ పిల్లాడు గీశాడా?" అన్నాడు. ఇంకా నవ్వారు.

నేనూ నవ్వానక్కా.

ఆ వేళ్ళు నేనే గీశాను. నాకు పదో ఏడు. నాన్న మిషన్ విప్పి ఎడమ చెయ్యి అలా ఆపి పట్టుకుని "నా చెయ్యి చూసి గియ్యి" అనేవాడు. రోజూ బడి నుంచి వచ్చాక నాలుగింటికి. రెండు వందల పన్నెండు బొమ్మలు, మూడేళ్ళు పట్టింది. "ఇది మావాడు గీశాడు" అని కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు. అంతమందిలో నేను కూర్చుని, నాన్న చేతిని చూసి నవ్వాను. "మా నాన్నది" అని నోరు పెగల్లేదు.

ఆ వారమే నీకు ఫోన్ చేసి "బాగు చేయనా?" అని అడిగాను. బాగు చేయడానికి కాదు. మళ్ళీ ఎవరూ దాన్ని తెర మీద పెట్టకుండా లోకంలోంచి తీసెయ్యడానికి. బటన్ రెండుసార్లు అడిగిన మాట నిజమే. రెండోసారి ఆలోచించనైనా లేదు.

ఇంకా ఉంది, అది కూడా వినెయ్. పోయిన వారం మేనేజర్ వచ్చి ఇప్పుడు చేత్తో గీసినట్టుండే బొమ్మలే ట్రెండ్ అన్నాడు. "మనం క్లాసులో చూపించేవాళ్ళమే, వేళ్ళ బొమ్మల పసుపు సైట్, అది వెతుకు. క్లయింట్‌కి అచ్చం అలాంటిదే కావాలట," అన్నాడు. వెతికినట్టు నటించాను. "ఎవడో తీసేశాడు, పాపం, చాలా బాగుండేది," అన్నాడు. అప్పుడు కూడా నోరు విప్పలేదు. చివరికి ఎవరో అమ్మే బొమ్మలు కొన్నారు. వాటిలో మనిషి స్క్రూడ్రైవర్ని చెంచా పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

తిట్టు. ఎంత తిట్టినా పడతాను.

తమ్ముడు


షాపు నుంచి,
శనివారం

తిట్లు పడతానని నువ్వు పర్మిషన్ ఇవ్వక్కర్లేదు. నాకు ఎలాగూ వచ్చు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పేజీలు చెరిపేసినందుకు వచ్చిన కోపం చల్లారిందేమో గానీ, నవ్వినందుకు వచ్చిన కోపం చల్లారడం లేదు. ఆ పేజీలు కరెంటు మీద బతికేవి, ఎప్పుడో ఒకప్పుడు పోతాయి. నాన్న చెయ్యి కళ్ళముందు కనబడుతుంటే, ఎవడో పరాయివాడితో కలిసి ఎలా నవ్వావురా? వాళ్ళకంటే తెలియదు. ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావుడి లాంటి ఉద్యోగం, ఆ కుక్కల్లో వెనకబడతానన్న భయంతో నాన్నని అమ్ముకున్నావు. ఇంతకన్నా మెత్తగా రాయడం నాకు చేతకాదు.

ఇక పని సంగతి. చేతులు కట్టుకుని కూర్చుంటే పేజీలు రావు కదా. నాన్న ఫోన్ నంబర్ల పుస్తకం తీసి మొదటి నంబరు నుంచి మొదలుపెట్టాను. "మా నాన్న సైట్లో పేజీ ఏదైనా అచ్చు తీసి పెట్టుకున్నారా?" అని ఒక్కొక్కళ్ళనీ అడిగాను. ఇప్పటికి అరవై ఒక్క పేజీలు పోస్టులో వచ్చాయి. అన్నిటి మీదా నూనె మరకలే. ఒక చెప్పులు కుట్టే ఆయన పంపిన పేజీకి వెనక గోడ సున్నం కూడా ఊడి వచ్చింది. జైల్లో కుట్టుపని నేర్పే మాస్టారు తొమ్మిది పేజీలు పంపించి, "వీలైనంత త్వరగా తిప్పి పంపగలరు, మా గోడ బోసిపోయింది" అని చీటీ పెట్టాడు. నువ్వు చెప్పిన ఏడెనిమిది సెకన్ల జనం వీళ్ళేనా? పదిహేనేళ్ళుగా గోడకి అంటించుకుని చూస్తున్నారు.

కానీ ఎనభై ఎనిమిదోది రాలేదు. రాదు కూడా. ఆ పొడుగు చెయ్యి మిషన్లు నాన్న అమ్మింది ఐదే. మూడు తుక్కులో పోయాయి, ఒకటి ఎక్కడుందో తెలియదు, ఐదోది సంచులావిడది. ఆవిడ ఫోన్‌లో చూసుకునేది, అచ్చు తీసుకోలేదు.

నేను రెండుసార్లు ప్రయత్నించాను. పేరు రేకు కింద చిన్న కన్నం ఉంది, అందులోంచి పుల్ల దూర్చి విరిగిన ముక్కని వెనక నుంచి నెట్టాలని మాత్రం గుర్తుంది. పెద్ద చక్రం ఎక్కడ ఆపితే ఆ కన్నానికి ముక్క ఎదురొస్తుందో తెలియదు. ఊరికే పొడిస్తే లోపలి ఇరుసు పగులుతుంది. అది పగిలితే మిషన్ పోయినట్టే, ఆ ఇరుసు ఇప్పుడు ఎక్కడా దొరకదు. "మీరు చెయ్యండమ్మా, పర్లేదు" అంటుంది ఆవిడ. నాకు చేతులు ఆడటం లేదు.

బడి తెరవడానికి పన్నెండు రోజులుంది. క్షమాపణలు నాకు వద్దు. ఆ బొమ్మ గీసినవాడివి నువ్వు. కూర్చుని మళ్ళీ గియ్యి.

అక్క


నా గది నుంచి,
మంగళవారం, ఆఫీసుకి సెలవు పెట్టి

అక్కా,

బొమ్మ ఈ కవర్లోనే ఉంది. మడత పెట్టకుండా రెండు అట్టల మధ్య పెట్టాను.

మొదట ఏమీ గుర్తు రాలేదు. స్క్రూ, బాణం గీసి ఆగిపోయాను. తర్వాత ఒకటి గుర్తొచ్చింది. ఈ బొమ్మ నాన్న నాచేత ఆరుసార్లు గీయించాడు. "నా వేలు అక్కడ లేదురా, చూసి గియ్యి, చూడకుండా గియ్యకు" అని ఆరుసార్లూ చింపేశాడు. ఏడోసారి నేను ఏడుస్తూ గీశాను. నువ్వు కౌంటర్ దగ్గర బాబిన్లు సర్దుతూ "వాడిని వదిలెయ్ నాన్నా" అన్నావు. అంత ఏడిచాను కాబట్టే ఇప్పుడు చెప్పగలను. సూది పూర్తిగా పైకి వెళ్ళి, తిరిగి సగం దిగినప్పుడు చక్రం ఆపాలి. అప్పుడు చక్రం మీద ఉన్న గాటు సరిగ్గా కిందకి వస్తుంది. అది కదలకుండా ఎడమ చూపుడువేలు ఆ గాటులో కింద నుంచి దూర్చి పట్టుకోవాలి. వేలు పక్కనుంచి పెడితే జారుతుంది, కింద నుంచే పెట్టాలి. ఆరుసార్లు నేను చేసిన తప్పు అదే.

ముందురోజు కన్నంలో నాలుగు చుక్కలు నూనె పోసి ఉంచు. సోల్డరింగ్ కడ్డీ మొనతో ముక్కని వెచ్చజెయ్యి. తర్వాత ముందువైపు నుంచి చిన్న గాడి కోసి, స్క్రూడ్రైవర్‌తో బాణం చూపిన వైపు తిప్పు. వెనక నుంచి పుల్లతో మెల్లగా నెడుతూ ఉండాలి. బాణం పదిసార్లు సరిచూసుకున్నాను. కొట్టుకెళ్ళి మర తిరగేసిన స్క్రూ ఒకటి కొనుక్కొచ్చి, బల్ల మీద బిగించి విప్పి చూశాను.

నాన్న వేలు ఎలా ఉండేదో ఎంత తలుచుకున్నా ముఖమే గుర్తొస్తోంది తప్ప వేలు రాలేదు. అందుకని నా ఎడమ చెయ్యి బల్ల మీద అలా పెట్టుకుని దాన్ని చూసి గీశాను. చూడకుండా మాత్రం గియ్యలేదు.

వచ్చిన అరవై ఒక్క పేజీలూ నాకు పంపు. నేనే ఎక్కిస్తాను, నూనె మరకలతో సహా. దారం లేని పిల్లని తీసేశాను.

తమ్ముడు


షాపు నుంచి,
బడి తెరవడానికి రెండు రోజుల ముందు

ఒరేయ్ చిన్నోడా,

ముక్క వచ్చేసింది.

సంచులావిడ మిషన్ పక్కనే నిలబడింది. నీ బొమ్మ గోడకి అంటించి, చక్రం తిప్పి, సూది సగం దిగాక ఆపాను. గాటులో వేలు కింద నుంచి పెట్టాను. సరిగ్గా కన్నానికి ఎదురుగా నిలబడింది ముక్క. బాణం చూపిన వైపు తిప్పబోతూ ఆగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "తిప్పండమ్మా, నాన్నగారి వేలు చూపిస్తోందిగా," అంది. తిప్పాను. కిర్రుమని ఒక్క చప్పుడు, అంతే, పాలపన్ను ఊడినట్టు వచ్చింది.

ఆవిడ మిషన్ ముందు కూర్చుని, ఖాళీ గుడ్డ మీద రెండు బారల కుట్టు వేసుకుని, అప్పుడు ఏడ్చింది. సగం సంచులు వేళకి అందుతాయి. మిగతా సగం పని వేరే వాళ్ళకి ఇచ్చేశారు. ఆ సగం ఆవిడకి నువ్వు చేసిన నష్టం. దాన్ని నేను మర్చిపోను, నువ్వూ మర్చిపోకూడదు. వచ్చి ఆవిడ ఎదురుగా నిలబడి, విరిగింది ఎవరి వల్లో నీ నోటితో చెప్పు. ఇప్పటికీ తను పైపు పెట్టి మొరటుగా తిప్పడం వల్లే విరిగిందనుకుంటోంది.

అరవై ఒక్క పేజీలు రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. ఎక్కించాక ఒక్కొక్కటీ ఎవరిది వాళ్ళకి తిప్పి పంపాలి, ముందు జైలు మాస్టారివి.

సంచులావిడ బొమ్మని దగ్గరికెళ్ళి చూసి, "ఇది పాత బొమ్మేనా అమ్మా, అచ్చం ఆయన వేలే," అంది. నేనూ చూశాను. చూపుడువేలు చివరి కణుపు దగ్గర మధ్యవేలి వైపు కొంచెం ఒరిగి ఉంది. నాన్నకి అలాగే ఉండేది. నీకూ అలాగే ఉందని నువ్వు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూసుకోలేదా? నాకు ఆ వేలు రాలేదు. నాకు ఆయన నోరు వచ్చింది, అది నీకు ఈ మధ్య బాగానే తెలిసింది.

ఆవిడకి నిజం చెప్పాను. ఇది కొత్త బొమ్మ, మా తమ్ముడి వేలు అని.

నాకు నీ మీద కోపం పోలేదు. పోయినప్పుడు నేనే రాస్తాను, నువ్వు అడగకు. ఆ పసుపు పేజీలు తిరిగి పెట్టాక మీ మేనేజర్ మళ్ళీ ఎప్పుడో తెర మీద వేస్తాడు. ట్రెండ్ మారగానే మళ్ళీ నవ్వుతారు, వాళ్ళ పని అదే. వేళ్ళ బొమ్మ పెద్దది చేసి, "ఎవరు గీశారిది?" అని అడుగుతాడు.

అప్పుడు నువ్వు చెయ్యి ఎత్తు. ఎడమ చెయ్యి.

అక్క